బావి మీద ఏడు గూళ్ళు

1వ రోజు

నిన్న సాయంత్రం నాలుగూ ఇరవైకి ఈల స్తంభం మీద పిడుగు పడింది. స్తంభం నిలబడే ఉంది. దాని మొదట్లో ఉన్న ఇనుప పెట్టె మాడిపోయింది. మనుషులకు, పశువులకు ప్రమాదం జరగలేదు.

మా ఊరు రెల్లుగుంటలో ఈ స్తంభం పెట్టి నలభై ఒక్క ఏళ్ళయింది. అది వేసే ఈల మనిషి చెవికి అందదంటారు. పిట్టలు మాత్రం దాని చుట్టూ మూడు కిలోమీటర్ల లోపలికి రావు. గింజ నష్టం లేకుండా జిల్లా అంతటా ఇలాంటివి రెండు వందల పన్నెండు పెట్టారు. పురుగు సంగతి మందు చూసుకుంటుంది, పూత సంగతి యంత్రపు తుమ్మెదలు చూసుకుంటాయి.

పంట కాపుదల ఆఫీసుకు కబురు చేశాను. కొత్త పెట్టె నలభై ఐదో రోజున వస్తుందన్నారు. స్తంభం మా పెరటి గోడకు ఆనుకుని ఉంది కాబట్టి, అది ఆగినన్ని రోజులూ చుట్టుపక్కల కనిపించింది నేను రాసి పంపాలట. ముప్పై ఎనిమిదేళ్ళు పత్రికకు వార్తలు రాశాను. ఇదీ అలాగే రాస్తాను.

2వ రోజు

చాపలు నేసే చెంగమ్మ తుంగ కట్టలు నానబెట్టుకోవడానికి మా పెరట్లోని దిగుడుబావికి వచ్చింది. ఆమెకు యాభై రెండేళ్ళు. కట్టలు నీళ్ళలో దించి, మెట్టు మీద కూర్చుని, రెండు చెవుల్లోంచి దూది తీసేసింది. ఆ దూది ఏళ్ళ తరబడి చూస్తున్నాను. చలికనుకున్నాను.

"ఆగిపొయ్యింది గదన్నా," అంది.

"ఏది?"

"సూది. నాకు పదకొండేండ్లప్పుడు పెట్టినారు ఈ కంబాన్ని. ఆ పొద్దు నించి చెవిలో సూది దించినట్టే. డాక్టరు కాడికి పోతే, అది మనుషులకి వినపడదమ్మా అన్న్యాడు. మా ఆయనా అదే మాట. నువ్వూ పేపర్లో అదే రాస్తివంట."

రాశాను. స్తంభం ప్రారంభోత్సవం నా మొదటి వార్తల్లో ఒకటి. ఆఫీసు ఇచ్చిన కాగితంలోని వాక్యాన్ని ఉన్నది ఉన్నట్టు దించాను. ఊళ్ళో ఎవరినీ అడగలేదు.

"రాత్రి ఎట్ట నిద్ర పొయినానో తెలుసునా? తెల్లారి మా ఆయన చచ్చిందేమోనని ముక్కు కాడ చెయ్యి పెట్టి చూసినాడు." నవ్వింది. తర్వాత అడిగింది: "మళ్ళా ఎప్పుడు పెడతారు?"

చెప్పాను. వేళ్ళ కణుపుల మీద లెక్క పెట్టుకుంటూ వెళ్ళిపోయింది.

5వ రోజు

ఉదయం ఆరూ పదికి ఒక కాకి. గోడ మీద వాలింది. పదకొండు నిమిషాలు ఉంది.

వీధిలో ఇరవై మందికి పైగా చేరారు. నలభై దాటనివాళ్ళు కాకిని బొమ్మలో తప్ప చూసి ఉండరు. ఈ మధ్యే కాపురానికి వచ్చిన ఒక కోడలు, "కళ్ళు అటొకటి ఇటొకటి ఉంటే ముందుకెట్ట చూస్తాది?" అంది. కాకి తల పక్కకు తిప్పి ఒక కంటితో ఆమెను చూసింది. సమాధానం అదే.

8వ రోజు

గోరింకలు రెండు, తెల్లకొంగ ఒకటి, లకుముకి ఒకటి. లకుముకి మా మోటారు పైపు మీద స్థిరపడింది. గంటసేపు చూశాను. బావిలోకి ఏడుసార్లు దూకింది, మూడుసార్లు చేపతో లేచింది. దూకేటప్పుడు నీళ్ళు చిందినంత పరిధి నా అరచేతికి మించలేదు. బిందె ముంచితే ఇంతకు పదింతలు చిందుతాయి.

10వ రోజు

కాపుదల నియమాల పుస్తకం తెప్పించి చదివాను. అరవై రెండో పేజీలో ఉంది. ఏ కారణం చేతనైనా స్తంభం ఆగినప్పుడు, దాని చుట్టూ ఐదు వందల అడుగుల లోపల గుడ్లు గానీ పిల్లలు గానీ ఉన్న గూళ్ళు ఐదు ఉంటే, ఆ ఋతువంతా స్తంభాన్ని నడపకూడదు. మరుసటి ఏడు కూడా పిట్టలు గూళ్ళు పెడితే, స్తంభం తీసేయాలి. నలభై ఏళ్ళలో ఈ నియమం ఎక్కడా వాడలేదు. పిట్టే రాని చోట గూడెక్కడిది?

చెంగమ్మకు చదివి వినిపించాను. "ఐదు," అంది. మళ్ళీ అడిగింది. "ఐదేనా?" ఐదే.

12వ రోజు

పసుపు తల ఉన్న చిన్న పిట్టలు ఆరు, తలలో పసుపు లేనివి ఎనిమిది. చెంగమ్మ మెట్లు సగంలో ఆగిపోయి చూసింది. "గిజిగాడు! మా నాయన రాలిపొయిన గూడు తెచ్చిచ్చేవాడు. బొమ్మని దాంట్లో పండబెట్టి ఆడుకుండేదాన్ని."

బావి మీదికి ఒరిగిన నల్లతుమ్మ చెట్టును ఎంచుకున్నాయి. కింద నీళ్ళు, పక్కన ముళ్ళు. పాము ఎక్కడానికి వీలు లేని కొమ్మలే చూసుకున్నాయి.

పక్క పొలం రైతు దశరథరామిరెడ్డి గోడ అవతలి నుంచి పిలిచాడు. ఆయనది మూడెకరాల సజ్జ, పాలు పోసుకుంటోంది. "పేపరన్నా, నీకు చూసేదానికి బాగుంటాది, వాటికి నా సజ్జ తినేదానికి బాగుంటాది. నాకేం బాగుంటాదో అది గూడా రాయి."

రాస్తున్నాను.

15వ రోజు

పొద్దున ఏడు నుంచి ఎనిమిది దాకా ఒకే మగ గిజిగాడిని గమనించాను. చెట్టుకూ వరి చేనుకూ మధ్య ముప్పై ఒక్కసార్లు తిరిగింది. వరి ఆకు అంచును కొరికి, ఆ గాటు దగ్గర ముక్కుతో పట్టుకుని పైకి ఎగురుతుంది. ఆకు పొడవునా సన్నటి పీలిక చీలి వస్తుంది. చీలిక వెడల్పు ఎప్పుడూ ఒకటే. నేను కత్తెరతో ప్రయత్నించాను. నాలుగో ఆకుకు మానుకున్నాను.

పీలికను కొమ్మకు చుట్టి, కొస లోపలి నుంచి తీసి, ముడి వేసి, కాలితో అదిమి పట్టి ముక్కుతో బిగిస్తుంది. బిగిశాక లాగి చూస్తుంది. జారితే విప్పి మళ్ళీ వేస్తుంది.

చెంగమ్మ తుంగ సంగతి మరిచిపోయి నా పక్కన మెట్టు మీద కూర్చుంది. "ఒక పైన, ఒక కింద... చూడన్నా, ఇప్పుడు రెండు దాటించింది. మేం పూల చాపకి అట్టనే దాటిస్తాం. దీనికి చేతులుంటే మా ఇంట్లో కూలికి పెట్టుకుందును."

"చేతులు లేకుండానే చేస్తోంది కదా."

"అదే గదన్నా నేను చెప్పేది."

20వ రోజు

బోర్లించిన చిన్న గంపల్లాంటివి ఎనిమిది వేలాడుతున్నాయి. పై కప్పు ఉంది, నడుమ అడ్డంగా కూర్చునే కమ్మీ ఉంది. అడుగూ లేదు, దిగే గొట్టమూ లేదు. మగపిట్టలు కమ్మీ మీద తలకిందులుగా వేలాడుతూ రెక్కలు కొట్టుకుంటున్నాయి. ఆడపిట్టలు ఒక్కో గంపలోకి దూరి, పీకి చూసి, బయటికి వస్తున్నాయి. ఒక ఆడపిట్ట అరగంటలో ఐదు చూసింది.

24వ రోజు

ఎనిమిదిలో రెండింటికే అడుగు పడింది, గొట్టం దిగింది. మిగతా ఆరూ అలాగే ఉన్నాయి. వాటిలో నాలుగు ఎండి గోధుమ రంగుకు తిరిగాయి. మగపిట్టలు వాటి జోలికి పోవడం లేదు. ఇది రాస్తుండగా ఒక మగది మాత్రం ఎండిన తన గంపను తానే పీకి పారేసింది.

చెంగమ్మ చాలాసేపు చూసి తల ఆడించింది. "ఇవి మరిచిపొయినాయన్నా."

"ఏం మరిచిపోయాయి?"

"అల్లిక. వాళ్ళమ్మ నేర్పి ఉండదు, వాళ్ళమ్మకి వాళ్ళమ్మ నేర్పి ఉండదు. మా ఇంట్లో పిల్లోళ్ళని చూడు. పడుగు ఎక్కిస్తారు, ముందర నాలుగు వరసలు అందంగా నేస్తారు, అంచు కట్టమంటే చేతులెత్తేస్తారు. ఇవీ అంతే. కింద ఎట్ట ముయ్యాల్నో తెలవక వొదిలేసినాయి."

అవునని చెప్పడానికి గానీ కాదని చెప్పడానికి గానీ నా దగ్గర సమాచారం లేదు. ఇది చెంగమ్మ అభిప్రాయమని మాత్రం రాస్తున్నాను. ఆఫీసులో గూళ్ళ లెక్క చూసే అధికారి నజీరా గారికి ప్రశ్న పంపాను.

26వ రోజు

ఆఫీసు నుంచి ఎగిరే కెమెరా వచ్చి చెట్టు చుట్టూ మూడు చుట్లు తిరిగింది. అది గొట్టం దిగిన గూడునే లెక్కలోకి తీసుకుంటుంది. ఫలితం: రెండు.

ఆ లెక్క విని చెంగమ్మ కట్టలు నానక ముందే తీసుకుని వెళ్ళిపోయింది.

దశరథరామిరెడ్డి సజ్జ చేలో నూరు కంకులు పరిశీలించాను. తొమ్మిదింటికి గింజ పోయింది. ఆయన మంచె కట్టుకున్నాడు. నలభై ఏళ్ళ తర్వాత వడిసెల తిప్పుతున్నాడు. మొదటి రాయి మా పెంకుల మీద పడింది.

29వ రోజు

మరో రెండు గంపలకు ఆడపిట్టలు ఒప్పుకున్నాయి. మగవి ఒక్క రోజులో గొట్టాలు దించాయి. మొత్తం నాలుగు. మొదటి రెండు గూళ్ళలోకి ఆడపిట్టలు దూరి గంటల తరబడి బయటికి రావడం లేదు. పొదుగుతున్నట్టే.

31వ రోజు

నిన్న కంటి పరీక్షకు పట్నం వెళ్ళి సాయంత్రానికి వచ్చాను. ఈ ఉదయం చూస్తే గొట్టం దిగిన గూళ్ళు ఏడు.

పదింటికి కెమెరా వచ్చింది. ఫలితం: ఏడు.

ఒక్క రోజులో మూడు. ఇంత వేగం ఇంతకు ముందు నమోదు కాలేదు. సంతోషించాను. సంతోషించి, కారణం వెతకకుండా కాఫీ పెట్టుకున్నాను.

32వ రోజు

నజీరా గారి సమాధానం వచ్చింది. గిజిగాడు దేన్నీ మరిచిపోలేదు. మగది సగం గూడు కట్టి ఆపి, ఆడదాని కోసం చూస్తుంది. ఆడది ఒప్పుకుంటేనే మిగతా సగం. ఒప్పుకోకపోతే ఆ సగాన్ని వదిలేసి ఇంకోటి మొదలుపెడుతుంది. వదిలేసిన గూళ్ళు ఉండడం మామూలే.

అంటే ఎండిపోయిన గంపలకు గొట్టాలు దిగకూడదు.

33వ రోజు

దుర్భిణితో ఒక్కో గూటినీ చూశాను. నాలుగింటిలో పీలికల కొసలు బయటికి లేచి గరుకుగా ఉన్నాయి. మూడింటిలో గొట్టం నున్నగా ఉంది. కింది అంచును మడిచి, కొసలు లోపలికి దోపి, చుట్టూ కుట్టినట్టు కట్టేశారు. అది వరి ఆకు కాదు, నానబెట్టి చీల్చిన తుంగ. ఆ అంచు ఈ ఊళ్ళో ప్రతి ఇంట్లోనూ నేల మీద పరిచి ఉంటుంది.

చెంగమ్మ వచ్చేదాకా మెట్ల మీదే కూర్చున్నాను.

"ఆ మూడూ నువ్వే కదా?"

"ఏ మూడు?" అంది. తర్వాత నవ్వింది. "కనిపెట్టినావే. మా ఆయన నిచ్చెన పట్టుకున్న్యాడు. ఒకటి బావి మెట్ల మీద నించే అందింది. చేతులకి ముళ్ళు చూడు. బాగుండాయా?"

"బాగున్నాయి. పిట్టవి కావు."

"పైన కట్టింది పిట్టే గదా! అది సగం చేసి అలిసిపొయ్యింది, మిగతా సగం నేను చేసినా. పక్కింటామె చాప మిగిలిపోతే మేం అంచు కట్టియ్యమా?"

నజీరా గారి సమాధానం చదివాను. నవ్వు పోయింది. పిట్టకు పని రాదనుకున్నందుకు ముందు నాలుక కరుచుకుంది. తర్వాతే లెక్క గుర్తొచ్చింది.

"అయితే నాలుగేనా?"

"నాలుగే."

"కెమెరా ఏడు చెప్పింది. దాన్ని మనం అడగలా, అదే చెప్పింది." గొంతు తగ్గించింది. "అన్నా, కాగితం మీద సంతకం నీది. ఏడు రాసినా నీ చెయ్యే, నాలుగు రాసినా నీ చెయ్యే. నలభై ఒక్క ఏండ్లు దూది పెట్టుకోని నేసినా. ఈ ముప్పై మూడు దినాలే నేను నా మొగ్గం చప్పుడు విన్నది. రాయబాకన్నా."

34వ రోజు

గొట్టం దిగిన గూళ్ళు ఏడు. వాటిలో మూడు మనుషులు పూర్తి చేసినవి. పిట్టలవి నాలుగు. పంపించాను.

చెంగమ్మకు నేనే వెళ్ళి చెప్పాను. గుమ్మంలో నిలబడి విని, "మంచిదన్నా," అని లోపలికి వెళ్ళింది. మగ్గం చప్పుడు మొదలైంది.

39వ రోజు

మొదటి గూటిలో పిల్లలు. తల్లి పచ్చపురుగులు తెస్తోంది. గంటకు సగటున పద్నాలుగుసార్లు. ఎక్కువ భాగం దశరథరామిరెడ్డి చేలోంచే. ఆయన మంచె మీద నుంచి ఇది చూసి, వడిసెల ఒళ్ళో పెట్టుకున్నాడు. "పురుగు తీసకపోయేటప్పుడు కొట్టాల్నా, గింజ తీసకపోయేటప్పుడు కొట్టాల్నా? నోట్లో ఏముందో ఇంత దూరం నించి కనపడి చావదే."

ఇవాళ ఆయన ఒక్క రాయీ వేయలేదు. నూరు కంకుల్లో గింజ పోయినవి పదకొండు.

చెంగమ్మ ఐదు రోజులుగా బావికి రాలేదు. తుంగ కాలవలో నానబెడుతోందట.

44వ రోజు

అరుగు మీద నుంచి కనిపించే నాలుగు గూళ్ళనూ రోజూ రాస్తున్నాను. మిగతా మూడింటిని లెక్కలోంచి తీసేశాను కాబట్టి వాటిని చూడటం కూడా మానేశాను. కొత్త గూళ్ళు లేవు.

రేపు పెట్టె వస్తుంది.

45వ రోజు

నజీరా గారు తొమ్మిదింటికి వచ్చారు. ముప్పై ఐదేళ్ళుంటాయి. బండి వెనక కొత్త ఇనుప పెట్టె, ఇద్దరు మెకానిక్కులు. సన్నటి వెదురు చివర వేలి గోరంత కెమెరా కట్టి, ఒక్కో గొట్టంలోంచి పైకి పంపి చూశారు. మొదటి గూట్లో పిల్లలు మూడు. రెండో దాంట్లో రెండు. మూడో దాంట్లో గుడ్లు నాలుగు. నాలుగో దాంట్లో గుడ్లు రెండు.

"నాలుగు," అన్నారు. "మీరు రాసిందే నిజమండి, పెంచలయ్యగారూ. ఒక్కటి తక్కువైంది." మెకానిక్కులు పెట్టె దించడం మొదలుపెట్టారు.

అప్పుడు వచ్చింది చెంగమ్మ, కొడవలి పట్టుకుని, వెనక నిచ్చెనతో భర్త మస్తానయ్య. చెవుల్లో దూది అప్పటికే పెట్టుకుంది. నా వైపు చూడలేదు. నజీరా గారితో, "నేను కట్టినవి నేనే తీసేస్తా మేడం. పిట్టల మధ్యలో దొంగ గూళ్ళు ఉండగూడదు," అంది.

మొదటిది కోసింది. ఖాళీ. రెండోది కోసింది. చీమలు పట్టి ఉంది. మూడోది చెట్టు మొదలుకు అవతలి వైపు, బావి మీదికి వేలాడుతోంది. అరుగు మీద నుంచి కనిపించదు. మెట్లు దిగి కొడవలి చాచింది.

గొట్టంలోంచి ఒక ఆడపిట్ట బాణంలా ఆమె చెంప పక్కనుంచి బయటికి పోయింది. చెంగమ్మ చెయ్యి గాల్లోనే నిలిచిపోయింది.

"మేడం," అంది. "దీంట్లో మనిషి ఉండాది."

నజీరా గారు వెదురు తెప్పించారు. తెర మీద మూడు గుడ్లు కనిపించాయి. తెల్లనివి. లోపలి గోడకు తడి మట్టి మెత్తి ఉంది.

చెంగమ్మ గొట్టాన్ని తాకకుండా దగ్గరగా చూసింది. ఆమె ముఖం మారింది. "నా అంచు ఊడదీసిందన్నా!" పదకొండు రోజుల తర్వాత నాతో అన్న మొదటి మాట అది. "చూడు, ఇంత దూరం నాది. ఈడ్నించి కిందికి అంతా పీకేసి పచ్చాకుతో దాని సొంతం అల్లుకున్న్యాది. నా పని దీనికి పనికి రాలేదా?"

"పై సగం ఉంచింది కదే," అన్నాడు మస్తానయ్య.

"ఉంచింది," అని ఒప్పుకుంది. కాసేపు చూసి, "దాని అల్లిక నాకన్నా బిగువుగా ఉండాది," అంది.

నేను నజీరా గారిని అడిగాను. "ఇది గూడేనా?"

ఆమె అరవై రెండో పేజీ తీసి పైకి చదివారు. గుడ్లు గానీ పిల్లలు గానీ ఉన్న గూడు. ఇంకోసారి, ఈసారి లోలోపల చదువుకున్నారు.

"ఎవరు అల్లారని దీంట్లో లేదండి. గూడు పడగొట్టడం నేరమని ఉంది. కట్టడం నేరమని ఎక్కడా లేదు." పుస్తకం మూశారు. "ఆ రెండూ కోసేశారు కాబట్టి వాటి సంగతి నేను చూడలేదు. ఇది ఐదోది. అబ్బాయిలూ, పెట్టె బండెక్కించండి."

మెకానిక్కుల్లో ఒకతను, ఇంత దూరం మోసుకొచ్చాం కదా మేడం అని గొణిగాడు. దశరథరామిరెడ్డి గోడ అవతలి నుంచి అంతా విని, ఈ ఏడు మొత్తం మంచె మీదే కాపురమా అని కేకేశాడు. మళ్ళీ రాయమన్నాడు. రాశాను.

చెంగమ్మ మెట్ల మీద కూర్చుని దూది తీసి బావి గట్టు మీద పెట్టింది. ఆడపిట్ట పది నిమిషాలకు తిరిగి వచ్చి, కొమ్మ మీద కూర్చుని మా అందరినీ చూసి, గొట్టంలోకి దూరింది. మస్తానయ్య ఏదో అనబోతే చెంగమ్మ చెయ్యి ఎత్తి ఆపింది. లోపల పిట్ట సర్దుకుంటున్న చప్పుడు వింటోంది.

సవరణ

34వ రోజు పంపిన నమోదులో, మనుషులు పూర్తి చేసిన మూడు గూళ్ళు లెక్కలోకి రావని రాశాను. తర్వాత పదకొండు రోజులు వాటిని చూడలేదు. అది నా పొరపాటు. మూడో గూడు లెక్కలోకి వస్తుంది. వివరాలు: పై కప్పు మగ గిజిగాడిది. గొట్టం పై సగం చాపల చెంగమ్మది, కింది సగం మళ్ళీ గిజిగాడిది. లోపలి మట్టి కూడా దానిదే. గుడ్లు మూడు. ఈసారి లోపల చూసి రాశాను.